దేశీ బియ్యం కొన్నారా? అన్నంతో కాదు, టిఫిన్‌తో మొదలుపెట్టండి

పోయిన వీడియోలో మా చేలో కోసిన దేశీ వరి రకాలు, వాటిని చిన్న మరలో ఆడించడం చూపించాం కదా. ఆ తర్వాత వచ్చిన ఫోన్లలో సగానికి పైగా పంట గురించి కాదండి, వంట గురించి. విజయవాడ నుంచి ఒక పెద్దావిడ చేశారు. "బాబూ, నాలుగు విజిల్స్ వచ్చినా మీ బియ్యం ఉడకలేదయ్యా. గింజ గింజగానే ఉంది, నవల్లేక చచ్చాం" అన్నారు. "ఎంతసేపు నానబెట్టారమ్మా?" అని అడిగాను. "నానబెట్టడమేంటి? కడిగి కుక్కర్లో పడేశాను" అన్నారు. ఆవిడని అనేదేముంది, నలభై ఏళ్లుగా సన్నబియ్యం వండిన చెయ్యి అది. సన్నబియ్యం నానబెట్టకపోయినా మల్లెపువ్వులా ఉడుకుతుంది. అదే లెక్క దీనికీ వేశారు.

అందుకే ఈసారి వీడియో పొలంలో కాకుండా మా వంటింట్లో తీశాం. అందులో కనిపించే చేతులు మా అమ్మవి, మా ఆవిడవి. నేను పక్కన నిలబడి గ్లాసులు లెక్కపెట్టాను, అంతే. వీడియోలో కొలతలన్నీ చెప్పడం కుదరలేదు, కారణాలు అసలే చెప్పలేదు. అవి ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగైంది, తీరిగ్గా చదవండి.

ముందు ఒక మాట. వంట గురించి రైతుకెందుకు ఇంత పట్టింపు అనుకోవచ్చు మీరు. మా దగ్గర బియ్యం కొనేవాళ్లు మొదటిసారి ఒక కిలో, రెండు కిలోలు తీసుకుంటారు. నేను చూసుకునేది ఆ మొదటి కిలోని కాదు, రెండోసారి అడుగుతారా లేదా అని. సోనా మసూరి కంటే దాదాపు రెట్టింపు ధర పెట్టి కొన్న బియ్యం ఒక్కసారి గట్టిగా ఉడికిందంటే, మిగతాది డబ్బాలో అలాగే ఉండిపోతుంది. పురుగు పట్టాక పక్షులకి వేస్తారు. ఆ ఇంట్లో ఆ రకం కథ ముగిసినట్టే. ఇక్కడ నేను నారు పోసే ముందు కూర్చుని ఏ రకం ఎన్ని సెంట్లు వెయ్యాలో రాసుకుంటాను. దేశీ రకాలు మనిషెత్తు పెరుగుతాయి, కోత ముందు గాలివాన వస్తే పడిపోతాయి, దిగుబడి బీపీటీలో సగానికి కాస్త అటూ ఇటూ. అడిగేవాళ్లు లేకపోతే వాటిని ఏటా వేసే ధైర్యం ఎవరికీ ఉండదు. వెయ్యకుండా ఇంట్లో దాచుకుందామా అంటే, మామూలు బస్తాలో రెండు మూడేళ్లకే విత్తనం మొలక పడిపోతుంది. మా దగ్గర ఒక రకం రెండెకరాల నుంచి పది సెంట్లకి వచ్చేసింది, అది కూడా విత్తనం నిలబెట్టుకోవడానికే. చీడ రాలేదు, తెగులు రాలేదు. వంటింట్లో ఓడిపోయింది.

అసలు ఎందుకు ఉడకదు?

వడ్ల మీద ఊక తీసేస్తే వచ్చేది ముడి బియ్యం. దాని మీద తవుడు పొర అలాగే ఉంటుంది. ఎరుపైనా నలుపైనా ఆ రంగంతా ఆ పొరలోదే, నూనె కూడా అందులోనే ఉంటుంది. ఈ పొర నీళ్లని తొందరగా లోపలికి పోనివ్వదు. తెల్ల బియ్యంలో ఆ పొర మొత్తం గీకేస్తారు కాబట్టి నీళ్లు గింజలోకి నేరుగా పోతాయి. సింగిల్ పాలిష్ అంటే ఈ రెండిటికీ మధ్యది, పొర కొంత పోయి కొంత ఉంటుంది. కాబట్టి బియ్యం కొనేటప్పుడు రకం పేరు అడిగినట్టే ఇది ముడి బియ్యమా, సింగిల్ పాలిషా అని కూడా అడగండి. వండే పద్ధతి మారేది పేరుని బట్టి కాదు, పాలిష్‌ని బట్టి. ఒకే రకాన్ని మేం రెండు విధాలా ఆడిస్తాం, రెండూ వేరే బియ్యంలా ఉడుకుతాయి.

మనందరి నాలుక బీపీటీకి అలవాటు పడింది. బీపీటీ 5204, అంటే సాంబా మసూరి, 1986లో బాపట్ల నుంచి విడుదలైంది. డిప్లొమా చదివేటప్పుడు మాకు దాని గుణాలన్నీ కంఠతా. గొప్ప రకం, అందులో అనుమానం లేదు. కానీ దానివల్ల అన్నం అంటే సన్నగా, తెల్లగా, మెత్తగా, పొడిపొడిగా ఉండాల్సిందేనని మనలో స్థిరపడిపోయింది. అలాంటి కంచంలో ఒక్కసారిగా ఎర్రటి లావు అన్నం వడ్డిస్తే పిల్లలేంటి, పెద్దవాళ్లే మొహం తిప్పుకుంటారు. దేశీ బియ్యాన్ని అన్నంతో మొదలుపెట్టొద్దని నేను చెప్పేది ఇందుకే. అన్నం దగ్గర మన నాలుక చాలా మొండిది. టిఫిన్ల దగ్గర అంత పట్టుదల ఉండదు. దోసె ఎర్రగా ఉంటే రాగి దోసె అనుకుని తినేస్తారు. అలా ఒక నెల గడిచాక అన్నం దగ్గరికి రండి.

దోసెలతో మొదలు

కుళ్లాకార్, మాపిళ్లై సాంబ, రక్తశాలి, ఇలా ఎర్ర బియ్యం ఏదైనా సరే. ముడి బియ్యం 3 గ్లాసులు, మినప్పప్పు 1 గ్లాసు, మెంతులు ఒక చెంచా. బియ్యం 8 గంటలు, పప్పూ మెంతులూ 4 గంటలు విడివిడిగా నానబెట్టండి. కలిపి నానబెడితే పప్పు ఎక్కువ నానుతుంది, బియ్యం తక్కువ నానుతుంది. రుబ్బే ముందు గుప్పెడు అటుకులు తడిపి వేస్తే దోసె మెత్తగా వస్తుంది. పప్పుని ముందు నురగ వచ్చేలా రుబ్బి తీసేసి, తర్వాత బియ్యం రుబ్బండి. తవుడు పొర ఉంటుంది కాబట్టి మిక్సీలో ఒక పట్టాన నలగదు. జార్ వేడెక్కితే ఆపి, చల్లటి నీళ్లు కొంచెం పోసి మళ్లీ తిప్పండి. ముడి బియ్యం పిండి మా ఇంట్లో తెల్ల బియ్యం పిండి కంటే ముందే పులుస్తుంది. ఎండాకాలంలో 6 గంటలకే పొంగి గిన్నె మీదకి వచ్చేసింది.

పెనం మీద ఒక తిరకాసు ఉంది. తెల్ల దోసె బంగారు రంగులోకి రాగానే తీసేస్తాం కదా, ఎర్ర దోసెకి ఆ గుర్తు పనిచెయ్యదు. పిండే ఎర్రగా ఉంటుంది కాబట్టి రంగు కోసం చూస్తూ కూర్చుంటే మాడిపోతుంది. అంచులు పెనాన్ని వదిలి పైకి లేవగానే తీసెయ్యండి. వీడియోలో మా ఆవిడ పోసిన మూడో దోసె దగ్గర ఆపి చూడండి, అంచు ఎలా లేచిందో తెలుస్తుంది.

మినప్పప్పు మాటొచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. మినపగుళ్లు కాకుండా పొట్టు మినప్పప్పు తెచ్చుకుని, కడిగేటప్పుడు సగం పొట్టు పోనిచ్చి సగం ఉంచెయ్యండి. పిండి బాగా పొంగుతుంది, రుచి కూడా వేరు. మా నాయనమ్మ కాలంలో గోదావరి వైపూ కృష్ణా వైపూ ఇడ్లీ అంటే పొట్టుతో వేసిందే. పిండి నల్లనల్లగా ఉందని మానేశారు గానీ, ఎర్ర బియ్యం దోసెలో ఆ నలుపు ఎవరికి కనిపిస్తుంది?

ఇడ్లీ కొంచెం కష్టం. కొట్లో దొరికే ఇడ్లీ రవ్వ ఉప్పుడు బియ్యంతో చేసింది, అందుకే అరగంట నానినా మెత్తగా ఉడుకుతుంది. మన పచ్చి ముడి బియ్యం రవ్వ అలా కాదు, కనీసం 6 గంటలు నానాలి. మొదటిసారి కొట్టు రవ్వ సగం, మన రవ్వ సగం కలిపి వెయ్యండి. ఒకటికి రెండు కొలతే, మినప్పప్పు ఒక గ్లాసుకి మొత్తం రవ్వ రెండు గ్లాసులు. గట్టిగా వస్తే వంట సోడా వేద్దామనిపిస్తుంది. సోడా బదులు పిండిని ఇంకో గంట పులియనివ్వండి.

నూకల్ని చిన్నచూపు చూడకండి

నిజం చెప్పాలంటే ఈ భాగం రాయడానికే ఇంత రాశాను. దేశీ రకాల్లో కొన్ని గింజలు పొడుగ్గా పెళుసుగా ఉంటాయి. పైగా చిన్న మరలో ఆడిస్తాం. అందుకే నూక ఎక్కువ పడుతుంది. బియ్యం కొన్నవాళ్లు నూక కొనరు. తవుడు మా ఆవులకి పోతుంది, ఆవు పేడ జీవామృతంలోకి, అది మళ్లీ చేలోకి పోతుంది. దానితో బాధ లేదు. నూక దగ్గరే రైతుకి దెబ్బ. అదే పంట, అదే బలం, విరిగిందంతే. విరిగింది కాబట్టి నీళ్లు తొందరగా లోపలికి పోతాయి, అంటే ముడి బియ్యంతో వచ్చే తలనొప్పి దీనితో సగం తగ్గుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి గింజ బియ్యం కంటే నూక మేలంటాను నేను. ధర కూడా తక్కువే.

ఉప్పుడు పిండి చేసుకోండి. ఏకాదశి రోజు రాత్రి అన్నం తినని ఇళ్లలో ఇప్పటికీ చేస్తారు. ఎర్ర నూక 1 గ్లాసు, నీళ్లు రెండున్నర గ్లాసులు (తెల్ల నూకైతే 2 చాలు), గుప్పెడు పెసరపప్పు. పెసరపప్పు అరగంట నానాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో, ఇత్తడిదైతే మరీ మంచిది, నూనె వేసి ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు పెట్టి నీళ్లు పొయ్యండి. నీళ్లు తెర్లేటప్పుడు ఉప్పు, పెసరపప్పు వేసి, తర్వాత నూక పోసి ఒకసారి కలిపి మూత పెట్టండి. ఇక సన్నటి సెగ మీద 20 నిమిషాలు. మధ్యలో కెలకొద్దు. కెలికితే ఉప్మా అవుతుంది, ఉప్పుడు పిండి కాదు. అడుగున ఎర్రగా పట్టే మాడు కోసం మా ఇంట్లో పిల్లలు కొట్టుకుంటారు. కాల్చిన వంకాయ పచ్చిపులుసు పక్కన ఉంటే ఇంకేం అక్కర్లేదు. అంత ఓపిక లేకపోతే మాగాయ చాలు.

నూకని దోరగా వేయించి మిక్సీలో బరకగా పట్టి డబ్బాలో పెట్టుకుంటే జావకి రెడీ. ఒక వంతుకి ఎనిమిది వంతుల నీళ్లు పోసి ఉడికించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, చితక్కొట్టిన అల్లం కలపండి. దీనికి నవర నూక బాగుంటుంది. నవర కేరళ రకం, ఆయుర్వేదంలో వాడతారని పేరు. గింజ ఎర్రగా ఉన్నా ఉడికితే మెత్తగా జిగురుగా అయిపోతుంది. పొడిపొడి అన్నం కోసం నవర కొన్నవాళ్లు నిరాశపడతారు, జావ కోసం కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతారు. ఒకే గింజ, వండిన తీరే వేరు.

మెత్తగా పిండి పట్టించుకుంటే మజ్జిగ పిండి అవుతుంది. ఒక గ్లాసు పిండిని రెండు గ్లాసుల పులిసిన మజ్జిగలో ఉండలు లేకుండా కలిపి, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు పోపులో పోసి దగ్గరపడేదాకా కలపడమే. పది నిమిషాల పని. ఫ్రిజ్‌లో పుల్లబడిపోయిన పెరుగు ఉన్న రోజు చెయ్యండి. జంతికలకి కూడా ఎర్ర పిండి పనికొస్తుంది, సగం సగం కలపండి. అరిసెలకి మాత్రం మేం ముడి బియ్యం వాడం, తవుడు పొరతో పిండి కలిసి రాక అరిసె విరుగుతుంది. అరిసెలకి సింగిల్ పాలిష్ కూడా వద్దు, బాగా పాలిష్ పట్టిందే వాడండి. సంక్రాంతి పూట ప్రయోగాలెందుకు?

ఇప్పుడు అన్నం

నెల గడిచింది, దోసెలు అలవాటయ్యాయి అనుకుందాం. అప్పుడు కూడా మొత్తం మార్చెయ్యకండి. నాలుగు గ్లాసుల్లో ఒకటి ముడి బియ్యం, మూడు మీ మామూలు బియ్యం. ఇక్కడే చాలామంది ఇబ్బంది పడతారు. రెండూ కలిపి కడిగి పెట్టేస్తే తెల్లది చిమిడిపోతుంది, ఎర్రది పలుకుగా ఉంటుంది. ముడి బియ్యాన్ని రాత్రే విడిగా నానబెట్టి, తెల్లదాన్ని వండే ముందు 20 నిమిషాలు నానబెట్టి, అప్పుడు కలపండి. రెండూ ఒకేసారి ఉడుకుతాయి. రెండు వారాలకోసారి ఒక్కో గ్లాసు మార్చుకుంటూ పొండి.

ఒట్టి ముడి బియ్యమైతే 8 గంటలు నానాలి, మాపిళ్లై సాంబ లాంటి లావు గింజలకి 10 నుంచి 12 గంటలు పెట్టినా తప్పులేదు. ఎండాకాలంలో మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి, లేకపోతే పుల్లటి వాసన వస్తుంది. గ్లాసుకి 3 గ్లాసుల నీళ్లు. కుక్కర్లో పెద్ద మంట మీద ఒక విజిల్ రానిచ్చి, సిమ్‌లో పెట్టి 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. ఆవిరి దానంతట అదే దిగాలి. మనం విజిల్ ఎత్తి ఆవిరి వదిలేస్తే గింజ పైన పగిలి లోపల పలుకుగానే ఉంటుంది. ఎలక్ట్రిక్ కుక్కరైతే బటన్ పైకి లేచాక ఇంకో 15 నిమిషాలు మూత తియ్యకండి. సింగిల్ పాలిష్‌కి గంట నానితే చాలు, నీళ్లు రెండున్నర, మూడు విజిల్స్. ఇవి మా బియ్యానికి, మా నీళ్లకి సరిపోయిన లెక్కలు. మీ బియ్యం కొత్తదైతే అర గ్లాసు నీళ్లు తగ్గించండి. ఆరు నెలలు దాటిన పాత బియ్యమైతే కాస్త పెంచండి. ఇది మన అమ్మమ్మలకి తెలిసిన విషయమే, కొత్త బియ్యం ముద్దవుతుంది, పాతవి నీళ్లు తాగుతాయి.

గంజి వార్చాలా, అత్తెసరు పెట్టాలా అని అడిగారు కొందరు. ముడి బియ్యానికి అత్తెసరే. గంజి వార్చేస్తే బీ విటమిన్లలో కొంత గంజితోపాటే పోతుంది, డబ్బు పెట్టి కొన్నది అందుకే కదా. 1890ల్లో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు ఉండేవారు. కోళ్లకి తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం పెడితే కాళ్లు పడిపోయాయి, ముడి బియ్యం పెట్టగానే లేచి తిరిగాయి. తవుడు పొరలో ఏదో ఉందని అలా బయటపడింది. ఆ ఏదో ఏంటంటే బీ1 విటమిన్. ఆయనకి 1929లో నోబెల్ కూడా వచ్చింది. డిప్లొమాలో చదివినవాటిలో నాకు బాగా గుర్తున్న పాఠం ఇదొకటి, కోళ్లు ఉన్నాయి కాబట్టేమో. పొయ్యి మీద వండి వార్చే అలవాటు ఉన్నవాళ్లు ఆ గంజిని పారబొయ్యకుండా ఉప్పు, మజ్జిగ కలుపుకుని తాగెయ్యండి.

అన్నం బాగానే ఉడికినా కంచంలో తేడా కొడుతుంది. ముడి బియ్యం అన్నం పల్చటి చారుని పీల్చదు, చారు ఒక పక్కకి, అన్నం ఒక పక్కకి పోతాయి. అందుకని మొదట్లో ముద్దపప్పు, గోంగూర, పులుసుకూర, చిక్కటి ఉలవచారు లాంటి వాటితో పెట్టండి. వేడిగా ఉన్నప్పుడే కలిపి రెండు నిమిషాలు వదిలెయ్యండి. పెరుగన్నానికైతే వేడి మీదే మెదిపి, గోరువెచ్చటి పాలు పోసి, చల్లారాక పెరుగు కలపాలి. రాత్రి మిగిలిన అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి చెంచాడు పెరుగుతో తోడు పెడితే పొద్దున్నకి చద్దన్నం రెడీ, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకోవడమే. అన్నం ఆరగానే తోడు పెట్టెయ్యండి, గంటలకొద్దీ గిన్నెలో వదిలేసినదానికి వద్దు. పొద్దున్న వాసన తేడాగా ఉంటే ఆలోచించకుండా పారెయ్యండి.

పులిహోరకి ముడి బియ్యం ఎందుకండీ? దానికి చిట్టిముత్యాలు ఉన్నాయి. చిన్న గింజ, మంచి వాసన, కట్టుపొంగలికైనా పలావుకైనా దాని తర్వాతే ఏదైనా.

నల్ల బియ్యంతో చిన్న ఆట

కాలాబట్టి లాంటి నల్ల బియ్యం చాలామంది ఫొటో చూసి కొంటారు. ఒట్టి అన్నంగా వండితే రెండు ముద్దలకే విసుగొస్తుంది. పాయసం చెయ్యండి. అర గ్లాసు బియ్యం రాత్రంతా నానబెట్టి, నానిన ఊదా నీళ్లు పారబొయ్యకుండా వాటితోనే, చాలకపోతే ఇంకొన్ని కలిపి, నాలుగింతల నీళ్లలో 6 విజిల్స్ రానివ్వండి. గరిటెతో మెదిపి, రెండోసారి తీసిన పల్చటి కొబ్బరి పాలలో కాసేపు ఉడికించి దించండి. బెల్లం విడిగా కరిగించి తప్పకుండా వడకట్టాలి, మందులు వెయ్యని బెల్లంలో ఇసుకా పీచూ ఉంటాయి. పాయసం కొంచెం ఆరాక బెల్లం పాకం, చివర్లో చిక్కటి కొబ్బరి పాలు, ఏలకుల పొడి. ఆవు పాలతో చేసేవాళ్లు బెల్లాన్ని పొయ్యి మీద ఉండగా వేస్తే పాలు విరుగుతాయి, జాగ్రత్త. తాటి బెల్లం దొరికితే అదే వెయ్యండి.

పిల్లలున్న ఇంట్లో ఇంకోటి. నల్ల బియ్యం రంగుకి పులుపు తగిలితే ఎర్రబడుతుంది. చల్లారిన అన్నంలో నిమ్మరసం పిండితే మన కళ్ల ముందే గులాబీ ఊదాకి తిరుగుతుంది. వీడియోలో మా అబ్బాయి అరిచిన అరుపు దానికే. అదే వంట సోడా తగిలితే నీలి బూడిద రంగు వస్తుంది, తినబుద్ధి కాదు. ఇడ్లీలో సోడా వద్దన్నదానికి ఇంకో కారణం దొరికింది కదా. ఇడ్లీ రవ్వలో నాలుగో వంతు నల్ల నూక కలిపితే లేత ఊదా ఇడ్లీలు వస్తాయి. టిఫిన్ డబ్బా ఖాళీగా ఇంటికొస్తుంది.

దాచుకోవడం

మా బియ్యానికి పురుగు తొందరగా పడుతుంది. మందు కొట్టలేదు, గిడ్డంగిలో మాత్రలు పెట్టలేదు, పట్టకుండా ఎలా ఉంటుంది? కానీ ముడి బియ్యానికి పురుగు కంటే పెద్ద శత్రువు నూనె చిక్కు. ఆడించగానే తవుడులోని నూనెకి గాలి తగిలి మెల్లగా చెడడం మొదలవుతుంది. నెలకి, మహా అయితే రెండు నెలలకి సరిపడా కొనండి. ఏడాదికి సరిపడా బస్తా కొంటామని అడిగేవాళ్లకి నేనే వద్దంటాను. ఏడాది నిలవ ఉండేవి వడ్లు, ముడి బియ్యం కాదు.

తెచ్చిన వెంటనే ఫ్రీజర్‌లో చోటుంటే ఒక వారం పెట్టి తీస్తే గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక తడి ఆరేదాకా కవర్ విప్పకండి. చోటు లేకపోతే నీడలో ఎండిన వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు డబ్బాలో వెయ్యండి. పురుగు పట్టాక మనవాళ్లు మొదట చేసేది ఎండలో పొయ్యడం. అది మాత్రం వద్దు. ఎండకి గింజలో సన్నటి పగుళ్లు వస్తాయి, అన్నం ముక్కలు ముక్కలవుతుంది. నీడన గుడ్డ మీద పల్చగా ఆరబోస్తే పురుగు దానంతట అదే పాకి పోతుంది, తర్వాత జల్లించుకోండి.

షుగర్ ఉన్నవాళ్లు చాలామంది అడుగుతున్నారు, ఈ బియ్యం తింటే తగ్గుతుందా అని. తగ్గుతుందని చెప్పి నేను ఒక్క కిలో కూడా అమ్మలేదండి, అమ్మను. తవుడు పొర, పీచు ఉంటాయి కాబట్టి మెల్లగా అరుగుతుంది, తక్కువ అన్నానికే కడుపు నిండినట్టుంటుంది. ఆ మాట వరకు నిజం. కానీ ఇది కూడా బియ్యమే, మందు కాదు. ఎర్ర బియ్యం కదా అని రెండు గరిటెలు ఎక్కువ పెట్టుకుంటే మీటర్ చూపించేస్తుంది. మీ మాత్రలు, మీ డాక్టర్ చెప్పిన కొలతలు అలాగే ఉండనివ్వండి.

ఇంకా రాయాల్సినవి ఉన్నాయి. గానుగ నూనె పొంగు, దేశీ కందిపప్పు ఉడకకపోవడం మీద ఇంకో వీడియో తీస్తాం. ఈలోగా మీ ఇంట్లో ఎర్ర బియ్యంతో, నూకతో ఇంకేమైనా వండుతుంటే కొలతలతో సహా కింద రాయండి. బాగా కుదరని వంటలు కూడా రాయండి, ఏ రకం బియ్యమో, ఎంత పాలిషో చెప్తే అందరం కలిసి చూద్దాం. జూన్ ఆఖర్లో మేం నారు పోస్తాం. ఆ పది సెంట్ల రకం కుళ్లాకారే. దాని నూకతో ఉప్పుడు పిండి చేసినవాళ్లు ఎలా వచ్చిందో ఆలోపు చెప్తే, ఈ ఏడు దాన్ని అరెకరానికి పెంచాలా, పది సెంట్లలోనే ఉంచాలా అన్నది తేల్చుకుంటాను.